ముందు బొమ్మ చూడండి

విజయవాడ గాంధీనగర్ అంటే సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులు. సినిమా ఉన్నచోట బ్యానర్ ఉండేది, బ్యానర్ ఉన్నచోట రంగు డబ్బాలతో ఒక మేస్త్రీ, ఆయన వెనక నలుగురు కుర్రాళ్లు. మొదట్లో బ్రష్షులు కడగడం, తర్వాత వెనక రంగు పూయడం, ఆ తర్వాత అక్షరాలు, ఎప్పటికో గానీ హీరో మొహం దాకా చెయ్యి వెళ్లేది కాదు. షాపుల బోర్డులు రాసేవాళ్లదీ అదే చదువు. బోర్డు కింద మూలన ‘ఫలానా ఆర్ట్స్’ అని చిన్న అక్షరాలతో రాసుకుంటే అదే డిగ్రీ, అదే విజిటింగ్ కార్డు. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక ఆ కొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పని పోయిందని అందరం బాధపడ్డాం గానీ, దాంతోపాటు పని నేర్పే బడి కూడా పోయిందని పెద్దగా పట్టించుకోలేదు.

ఇప్పుడు ఈ మాట ఎందుకంటే, బొమ్మలు వేసే పిల్లలు పని కోసం వెళితే ముందు వినపడేది ‘ఏం చదివావ్?’ అన్న ప్రశ్నే. ఎంపీసీనా, బైపీసీనా అని తప్ప మూడో మాట తోచని ఊరు మనది. బీఎఫ్ఏ, అంటే చిత్రకళలో డిగ్రీ, చేయాలంటే నాలుగేళ్లు, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికో కడపకో హైదరాబాద్‌కో వెళ్లాలి, హాస్టలు, రంగులు, కాన్వాసులు వేరే ఖర్చు. ఇంటర్ ఫీజుకే అప్పు చేసిన ఇంట్లో ‘నాన్నా, నేను బొమ్మల కోర్సు చేస్తా’ అనే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఆ మాట అడగలేక బీటెక్‌లో చేరి, ఫ్రెండ్స్ అందరి రికార్డుల్లో డయాగ్రాములు తనే గీసిపెట్టే అమ్మాయి ప్రతి కాలేజీలో ఒకతి కనిపిస్తుంది.

ఇలాంటప్పుడు బాపు పేరు ఎత్తడం మనకు అలవాటు. నిజమే, ఆయన చదివింది లా. మన పక్కనే, దుగ్గిరాల దగ్గర తుమ్మపూడిలో, సంజీవదేవ్ కాలేజీ డిగ్రీ లేకుండానే చిత్రకారుడయ్యారు, కళావిమర్శకుడయ్యారు, చివరికి ఆంధ్ర విశ్వవిద్యాలయమే పిలిచి కళాప్రపూర్ణ అనే గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. కానీ ఈ పేర్లు చెప్పి పిల్లల్ని ఊరడించడం మాకు ఇష్టం లేదు. వాళ్లేమీ బాపు అయిపోతామని అనట్లేదు, నెలనెలా రూము అద్దె కట్టుకునేంత పని దొరికితే చాలంటున్నారు.

కాగితం తప్పనిసరి అయిన చోట్లు కొన్ని ఉన్నాయి, వాటి గురించి దాపరికం అక్కర్లేదు. యూనివర్సిటీలో పాఠం చెప్పాలంటే మామూలుగా పీజీ కావాలి. స్కూల్లో డ్రాయింగ్ మాస్టారు కావాలంటే మాత్రం ఇంకో దారి ఉంది: ప్రభుత్వ పరీక్షల విభాగం పెట్టే డ్రాయింగ్ లోయర్, హయ్యర్ గ్రేడు పరీక్షలు, ఆ తర్వాత 42 రోజుల వేసవి టీటీసీ (టీచర్ ట్రైనింగ్) శిక్షణ. లోయర్, హయ్యర్ పరీక్షలు రాయడానికి డిగ్రీ అడగరు. ఈ సంగతి మన ఊళ్లో తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియదు.

మిగతా చోట్ల, అంటే మన ఊరి పబ్లిషర్ల పుస్తకాల కవర్లు, స్కూలు పుస్తకాల్లో బొమ్మలు, హైదరాబాద్‌లోని యానిమేషన్, గేమ్ స్టూడియోలు, వీటిలో నిజంగా తేల్చేది పోర్ట్‌ఫోలియోనే, అంటే మనం వేసిన బొమ్మల్లో ఏరి చూపించే ఫైలు. అయితే పిల్లలకీ ఒక మాట చెప్పాలి. ఫోటో చూసి పెన్సిల్‌తో దించిన హీరోల మొహాలు పాతిక పెట్టుకుని వెళ్తే లాభం లేదు. దాంట్లో ఓపిక కనపడుతుంది గానీ ఆలోచన కనపడదు. కథల పుస్తకాల పని కావాలంటే ఒకే పాత్రను నాలుగు వైపుల నుంచి, నవ్వుతూ, ఏడుస్తూ, వెనక్కి తిరిగి నిలబడి గీసి చూపించాలి. కవర్ల పని కావాలంటే తెలుగు అక్షరం రాయడం రావాలి, ఎందుకంటే బొమ్మ బాగా వేసి టైటిల్ దగ్గర తేలిపోయేవాళ్లే ఎక్కువ. పన్నెండు మంచి బొమ్మలు చాలు, నలభై మామూలు బొమ్మలు వద్దు. కంప్యూటర్ మీద నేర్చుకోవడానికి బ్లెండర్, క్రిటా లాంటి సాఫ్ట్‌వేర్లు ఫ్రీగానే దొరుకుతున్నాయి, ఇది పాత మేస్త్రీల శిష్యులకు లేని సౌకర్యం.

ఇక డబ్బుల సంగతి. డిగ్రీ లేదు కదా అని బేరం తగ్గించేవాళ్లు, ‘ఒక బొమ్మ ఊరికే వేసి చూపించమ్మా, నచ్చితే చూద్దాం’ అని ఆ బొమ్మనే వాడేసుకునేవాళ్లు మన ఊళ్లో లేరని మేం చెప్పలేం. 1957 కాపీరైట్ చట్టంలో సెక్షన్ 17 ఒకసారి చదువుకోండి. డబ్బిచ్చి వేయించుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్ మీద, వేరే ఒప్పందం ఏదీ లేకపోతే, మొదటి హక్కు వేయించుకున్నవాళ్లదే. అందుకని సగం అడ్వాన్సు, ఎక్కడ వాడతారు, ఎన్నిసార్లు మార్చమంటారు, హక్కు ఎవరిది అన్నవి ముందే కాగితం మీద పెట్టించుకుని, ఇద్దరూ సంతకాలు చేయాలి. ‘ఈ బొమ్మ నేను వేశాను’ అని చెప్పుకునే హక్కు మాత్రం సెక్షన్ 57 కింద, కాపీరైట్ అమ్మేసుకున్నా, ఆర్టిస్టుదే.

ప్రభుత్వానికీ ఒక మాట. 2023 సెప్టెంబర్‌లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 చేతివృత్తులున్నాయి. శిల్పులున్నారు, బొమ్మల తయారీదారులున్నారు, అంటే తెనాలి విగ్రహాలకీ కొండపల్లి బొమ్మలకీ చోటుంది, సంతోషమే. శిక్షణ, రూ.15 వేల పనిముట్ల సాయం, 5 శాతం వడ్డీకి అప్పు వస్తాయి. బోర్డులు రాసేవాడు, గోడ మీద బొమ్మ వేసేవాడు ఆ 18లో లేడు. పుష్కరాలకో, నగరాల శుభ్రతకు ర్యాంకులిచ్చే స్వచ్ఛ సర్వేక్షణ్ మార్కులకో నగరాల్లో గోడలకు బొమ్మలు వేయించాల్సి వచ్చినప్పుడు మాత్రం గుర్తొస్తాడు. అప్పుడు కూడా చాలాసార్లు పని కాంట్రాక్టరుకు పోతుంది, బొమ్మ వేసినవాడికి చదరపు అడుగు లెక్క మిగులుతుంది, గోడ మీద పేరు కూడా ఉండదు. ఆ జాబితాలో పందొమ్మిదో వృత్తి చేర్చమని అడగడం పెద్ద కోరికేమీ కాదు.

ఊళ్లోవాళ్లందరికీ చెప్పాం కాబట్టి మా పత్రిక సంగతీ చెప్పేస్తాం. ఆర్టిస్టు కోసం వేసిన ప్రకటనలో ‘బీఎఫ్ఏ తప్పనిసరి’ అని మేమూ రాశాం, వచ్చిన దరఖాస్తుల్లో ఆ ముక్క లేనివాటిని బొమ్మలు చూడకుండానే పక్కన పెట్టాం. ఎందుకలా చేశారంటే మా దగ్గర సరైన జవాబు లేదు, కాగితం చూడటం తేలిక, బొమ్మ చూడటానికి టైం పడుతుంది, అంతే. ఈసారి ప్రకటనలో అర్హత దగ్గర ‘పది బొమ్మలు’ అని మాత్రమే ఉంటుంది. టెస్టు పెడితే, పని ఇచ్చినా ఇవ్వకపోయినా, ఆ బొమ్మకు డబ్బులిస్తాం.