అనుమానానికి 18 శాతం జీఎస్టీ

ఈవీఎంల విశ్వసనీయత మీద మన దేశంలో సరైన పరిశోధన జరగలేదన్న బాధ నాకు చాలాకాలంగా ఉంది. ఇంజినీర్లు సర్క్యూట్లు చూశారు, జడ్జీలు సెక్షన్లు చూశారు. గెలిచిన సీట్లకూ, యంత్రం ఆరోగ్యానికీ ఉన్న సంబంధాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ఈ పరిశోధనకు ఆంధ్రప్రదేశ్‌ను మించిన ల్యాబు దొరకదు.

2019 ఏప్రిల్‌లో యంత్రం బాగాలేదు. చంద్రబాబు గారు 21 మంది ప్రతిపక్ష నేతల్లో ఒకరిగా సుప్రీంకోర్టుకు వెళ్లి, సగం వీవీప్యాట్ స్లిప్పులైనా, అంటే ఓటు ఎవరికి పడిందో చూపించే కాగితాలైనా, లెక్కపెట్టాలన్నారు. అసెంబ్లీ సెగ్మెంటుకు ఒక యంత్రం స్లిప్పులు లెక్కపెడితే చాలన్నదాన్ని కోర్టు ఐదు చేసింది. మేలో టీడీపీకి 23 సీట్లు వచ్చాయి. 151 వచ్చిన వైసీపీకి మాత్రం యంత్రంలో ఏ లోపమూ కనిపించలేదు. 2024 జూన్ 4న టీడీపీకి 135 రాగానే యంత్రం ఎవరూ రిపేరు చేయకుండానే బాగైపోయింది. అదే పూట 11 సీట్లతో వైసీపీ వైపు పాడైంది. సరిగ్గా రెండు వారాలకు జగన్ గారు, అభివృద్ధి చెందిన ప్రజాస్వామ్య దేశాలు దాదాపు అన్నీ పేపర్ బ్యాలెట్టే వాడుతున్నాయని, మనమూ అటే వెళ్లాలని ఎక్స్‌లో రాశారు. ఆయన ముఖ్యమంత్రిగా ఉన్న ఐదేళ్లూ ఆ దేశాల సంగతి ఎవరూ ఆయన చెవిన వేసినట్టు లేదు.

ఇది మన వాళ్లు కనిపెట్టిన విద్య అనుకుని గర్వపడకండి. ఈ యంత్రాన్ని తొలిసారి వాడింది 1982లో, కేరళలోని పరవూర్‌లో, 50 బూత్‌లలో. ఈ యంత్రాలు వద్దని పోలింగ్‌కు ముందే హైకోర్టుకు వెళ్లిన సీపీఐ అభ్యర్థి శివన్ పిళ్లై 123 ఓట్లతో గెలిచారు. అంతే, ఆయన అనుమానం తీరిపోయింది. అది ఓడిపోయిన కాంగ్రెస్ అభ్యర్థి ఏసీ జోస్‌కు అంటుకుంది. చట్టంలో యంత్రం ఊసే లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ బూత్‌లలో కాగితం మీద మళ్లీ పోలింగ్ పెట్టించింది. ఈసారి జోస్ గెలిచారు. మనం 2019, 2024లలో ఆడిన నాటకం మొత్తం అక్కడే రిహార్సల్ అయిపోయింది.

అనుమానం ఉన్నప్పుడు అధికారం ఉండదు, అధికారం వచ్చేసరికి అనుమానం ఉండదు. అందుకే అడగాల్సిన ప్రశ్న, లెక్కపెట్టే స్లిప్పులు సరిపోతాయా అన్నది, ఎప్పటికీ అక్కడే ఉంటుంది. ఏపీలో 175 స్థానాలకు ఐదేసి చొప్పున లెక్కేస్తే, స్లిప్పులు లెక్కపెట్టేది 875 బూత్‌లవి. బూత్‌లేమో 46 వేలకు పైనే.

ఇక రేట్ల దగ్గరికి వద్దాం. ఎక్స్‌లో అనుమానపడటం ఉచితం. కాగితం మీద అనుమానపడితే డబ్బు కట్టాలి. రెండు, మూడు స్థానాల్లో వచ్చిన అభ్యర్థులు సెగ్మెంటులో 5 శాతం యంత్రాలను తనిఖీ చేయించుకోవచ్చని 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఈసీ అప్పట్లో పెట్టిన రేటు: యంత్రానికి 40 వేలు, ఆపైన 18 శాతం జీఎస్టీ, వెరసి 47,200. అనుమానాన్ని జీఎస్టీలోకి తెచ్చిన ఘనత ప్రపంచంలో ఇంకే దేశానికీ ఉండదనుకుంటా. ఒంగోలులో ఓడిపోయిన వైసీపీ నేత బాలినేని శ్రీనివాసరెడ్డి గారు 12 యంత్రాలకు 5,66,400 కట్టారు. తీరా చూస్తే అప్పటి ఈసీ పద్ధతి ప్రకారం చేసేది మాక్ పోలింగ్, అంటే ఉత్తుత్తి ఓట్లు వేసి చూడటం. జరిగిన పెళ్లి వీడియో అడిగితే, పీటలేసి ఉత్తుత్తి పెళ్లి చేసి చూపిస్తామన్నట్టు. ఆయన ఒప్పుకోక కోర్టుకు వెళ్లారు. అది న్యాయమైన పేచీయే. తనిఖీ పేరుతో డేటా చెరపొద్దని, ఆ రేటు కూడా ఎక్కువేనని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టే అంది. కాకపోతే ఈలోగా, 2024 సెప్టెంబర్‌లోనే, బాలినేని గారు జనసేనలో చేరిపోయారు. ఇవే యంత్రాల్లో 21కి 21 గెలిచిన పార్టీ అది. ఐదున్నర లక్షలతో తీరని అనుమానం ఒక్క కండువాతో తీరినట్టుంది.

అన్నిటికన్నా ఖరీదైనది ఓటరు అనుమానం. మీట నొక్కగానే అద్దం వెనక చిన్న లైటు వెలుగుతుంది. స్లిప్పు మీద నంబరు, పేరు, గుర్తు కనిపిస్తాయి. ఏడు సెకన్లకు అది తెగి డబ్బాలో పడిపోతుంది. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయిన పెద్దాయన జేబు తడుముకునేలోపే అంతా అయిపోతుంది. వేరే గుర్తు పడిందని ఫిర్యాదు చేయొచ్చు. ముందు డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి, తర్వాత అధికారుల ముందు టెస్ట్ ఓటు వేయాలి. ఆ టెస్టులో యంత్రం బుద్ధిగా ప్రవర్తించిందో, ఆరు నెలల దాకా జైలు పడే కేసు. ఓట్ల లెక్క సరైనదో కాదో టెక్నికల్ చదువు లేని పౌరుడు కూడా సరిచూసుకోగలగాలని జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం 2009లో చెప్పి, అక్కడి యంత్రాలను పక్కన పెట్టించింది. పాపం, వాళ్లకు పౌరుడిని జైల్లో పెట్టే సులువు తట్టలేదు.

పేపర్ బ్యాలెట్ కావాలని కేఏ పాల్ గారు వేసిన పిటిషన్‌ను 2024 నవంబర్ 26న, అదీ రాజ్యాంగ దినోత్సవం నాడు, సుప్రీంకోర్టు కొట్టేసింది. ఓడితే ట్యాంపరింగ్, గెలిస్తే మౌనమా అంటూ జడ్జీలు బాబు గారి పేరు, జగన్ గారి పేరు ప్రస్తావించారు. ఆ ఇద్దరి ఖాతా పాల్ గారికి రాయడం అన్యాయం. ఓడిన ప్రతిసారీ క్రమం తప్పకుండా అనుమానపడిన నాయకుడాయన. గెలిస్తే ఏం చేస్తారో చూసే అవకాశం మనమే ఇవ్వలేదు.

కాబట్టి నాదొక చిన్న సూచన. నామినేషన్ అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, కేసులకు గడులున్నాయి కదా, ఇంకొకటి పెట్టండి: ‘ఈవీఎం మీద అభ్యర్థికి ఉన్న అనుమానాలు, గెలిచినా వర్తించేవి.’ ఖాళీగా వదిలితే నామినేషన్ తిరస్కరించాలి. పాల్ గారికి అదనపు కాగితాలు ఇవ్వాలి. జీఎస్టీ లేకుండా.