గ్రేటర్ నోయిడా కుక్కకి విగ్రహం కావాలి

ఈ దేశంలో విగ్రహం లేనివాళ్ల సంఖ్య రోజురోజుకీ తగ్గిపోతోంది. కూడలి ఖాళీగా కనబడితే చాలు, వారం తిరిగేసరికి ఎవరో ఒకరు చెయ్యెత్తి నిలబడి ఉంటున్నారు. అలాంటి దేశంలో, 2011 అక్టోబర్ 28 శుక్రవారం పొద్దున గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ కార్లని ఆపేసిన కుక్కకి ఇంతవరకూ ఒక సిమెంటు దిమ్మె కూడా లేదు. భారత గ్రాండ్ ప్రి, అంటే మన దేశంలో జరిగిన ఫార్ములా వన్ రేసు, దాని తొలినాళ్ల చరిత్రని కొంతకాలంగా శ్రద్ధగా చదువుతున్న మనిషిగా, ఈ అన్యాయాన్ని చూస్తూ ఊరుకోలేక ఇది రాస్తున్నాను.

జరిగింది ఇదీ. మన దేశంలో మొట్టమొదటి గ్రాండ్ ప్రి. అందులో మొట్టమొదటి ప్రాక్టీస్. ఒక్కో కారులో 2.4 లీటర్ల వీ8 ఇంజను, నిమిషానికి 18,000 చుట్లు. ఆ మోత టీవీలో వింటేనే మా వంటింట్లో స్టీలు గిన్నెలు కదిలాయా అనిపించేది. కొత్త తారు మీద, ఎంత ఊడ్చినా పోని ఉత్తరాది దుమ్ములో, కార్లు ఒకటొకటిగా బయటికొస్తున్నాయి. ఇంతలో ట్రాక్ మీదికి ఒక వీధికుక్క వచ్చింది. పరిగెత్తుకుంటూ వచ్చిందనుకునేరు, మన కాలనీలో పాలప్యాకెట్ల టైముకి వచ్చినంత తీరిగ్గా వచ్చింది. వెంటనే ఎర్ర జెండా. కార్లన్నీ వెనక్కి. ట్రాక్ పక్కన కాపలా ఉండే మార్షల్స్ దాని వెంట పడ్డారు. కాసేపు ప్రపంచంలోని గొప్ప డ్రైవర్లంతా గ్యారేజీల్లో కూర్చుని, మన కుక్క ఎప్పుడు దారిస్తుందా అని ఎదురుచూశారు.

కుక్క పొరపాటున వచ్చిందని అప్పట్లో అందరూ అన్నారు. నేను ఒప్పుకోను. దీపావళి వెళ్లి అప్పటికి రెండు రోజులే. ఆ టపాకాయల మోతకి ఏ లారీ కిందో నక్కి, ఇక అయిపోయిందిలే అనుకుని ఊపిరి పీల్చుకునేసరికి మళ్లీ ఈ చప్పుడేమిటని విచారించడానికి వచ్చి ఉంటుంది. పైగా అది దాని ఊరు. నిన్నమొన్నటిదాకా పొలం గట్లున్న చోటు. భూసేకరణ సంగతి దానికి ఎవరూ నోటీసు ఇచ్చి చెప్పలేదు. మనుషులకే సరిగ్గా చెప్పలేదు, కుక్కకేం చెబుతారు? ఆ ఏడాది మే నెలలో అదే జిల్లాలోని భట్టా పార్సౌల్‌లో భూముల గొడవ ముదిరి, కాల్పుల్లో మనుషులే పోయారు. రేసుని అడ్డుకుంటామని చుట్టుపక్కల రైతులు కూడా హెచ్చరించారు. చివరికి అడ్డుకున్నది మాత్రం ఏ సంఘంలోనూ సభ్యత్వం లేని ఈ ఒక్క ప్రాణి.

విగ్రహం ఇవ్వడానికి ఇది చాలదనుకునేవాళ్ల కోసం పాత చరిత్ర కొంచెం చెప్పాలి.

మనకి కారు రేసులు కొత్త కాదు. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో షోలవరం ఉంది. అక్కడ రెండో ప్రపంచయుద్ధం నాటి పాత విమానాల రన్‌వే మీద దశాబ్దాలపాటు రేసులు జరిగాయి. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లోనే పుట్టింది. అయితే అదంతా ఇష్టం కొద్దీ జరిగిన వ్యవహారం. ప్రభుత్వాల ప్రమేయం లేని చోట చరిత్ర సాఫీగా సాగిపోతుంది కాబట్టి వ్యాసకర్తకి అక్కడ పనేమీ ఉండదు.

అసలు కథ ఫార్ములా వన్ కావాలనుకున్నప్పుడు మొదలైంది. కలకత్తా అన్నారు, బెంగళూరు అన్నారు. 2003లో మన వంతు వచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు హైదరాబాద్ శివార్లలో గోపన్‌పల్లి దగ్గర 1,500 ఎకరాలు రేసు ట్రాక్ కోసం అనుకున్నారు. ట్రాక్ గీత కాగితం మీద పడకముందే మా మేనమామ రంగంలోకి దిగాడు. ఎవరో బ్రోకరు 'సర్క్యూట్ ఫేసింగ్' అని చెప్పి రెండొందల గజాలు అంటగట్టాడు. మామయ్య ఆ ప్లాటు మీద నిలబడి, అదిగో అక్కడ మలుపు, ఇదిగో ఇక్కడ మన డాబా, డాబా మీద కుర్చీలు వేసి మనిషికి వెయ్యి రూపాయల టికెట్టు అని లెక్క చెప్పేవాడు. కుర్చీలు టెంట్ హౌస్ నుంచి తేవాలా, సొంతంగా కొనుక్కోవాలా అన్న దగ్గర అత్తయ్యకీ ఆయనకీ వారం రోజులు మాటల్లేవు.

2004 మేలో ఓట్లు లెక్కపెట్టారు. ప్రభుత్వం మారింది. రేసు పోయింది. మామయ్య నెల తిరక్కుండా ప్లాటు అమ్మేశాడు, అదీ నష్టానికి. భారత గ్రాండ్ ప్రి చరిత్రలో మొదటి రిటైర్‌మెంట్, అంటే రేసు మధ్యలో తప్పుకోవడం, ఆయనదేనని నా పరిశోధనలో తేలింది. ఆ రెండొందల గజాలు ఇప్పుడు ఎంత పలుకుతాయో ఆయన ముందు ఎవరూ అనకూడదని మా ఇంట్లో ఆంక్ష ఉంది.

తర్వాత రేసు ఢిల్లీ వైపు వెళ్లింది. 2007లో భారత ఒలింపిక్ సంఘం ముందుకొచ్చి 2009కల్లా గ్రాండ్ ప్రి ఖాయం అంది. ఒలింపిక్స్‌లో కారు రేసు లేదు, ఆ విషయం వేరు. 2009 కాస్తా 2010 అయింది, 2010 కాస్తా 2011 అయింది. మధ్యలో ఒక చిత్రం జరిగింది. ట్రాక్ కట్టే జేపీ గ్రూపు వాళ్లు ఫార్ములా వన్ వాళ్లకి 3.65 కోట్ల డాలర్లు చెల్లించడానికి అనుమతి ఇప్పించమని 2009లో కేంద్ర క్రీడల శాఖని అడిగారు. శాఖ కుదరదంది. కారణం: ఇది క్రీడ కాదు, వినోదం.

సరే, వినోదమే అనుకుందాం. వినోదమైతే వినోదపు పన్ను కట్టాలి కదా? అక్కర్లేదు, మినహాయింపు ఇస్తున్నాం అంది లక్నో, అంటే ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం. అంటే ఢిల్లీ లెక్కలో అది క్రీడ కాదు, వినోదం. లక్నో లెక్కలో వినోదమే గానీ పన్ను వేసేంత వినోదం కాదు. రెండు ఊళ్ల మధ్య దూరం అయిదువందల కిలోమీటర్లు. ఫార్ములా వన్ కారుకి రెండు గంటల లోపు దారి, ఫైలుకి ఎంతో నేను చెప్పక్కర్లేదు. ఎవరో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. రేసు ఇంకో తొమ్మిదో పదో రోజుల్లో ఉందనగా సుప్రీంకోర్టు టికెట్ల డబ్బులో నాలుగో వంతు విడిగా ఖాతాలో పెట్టమంది. టికెట్టు రూ. 2,500 నుంచి రూ. 35,000 దాకా. ఆ 35,000 పెట్టి కొన్నవాడికి తను చూస్తున్నది క్రీడో వినోదమో తెలియకుండానే రేసు మొదలైంది.

ఈ మొత్తం గందరగోళంలో టికెట్టు, అనుమతి, పన్ను, మినహాయింపు, స్టే ఏవీ లేకుండా ట్రాక్ మీద కాలు పెట్టింది ఎవరో పాఠకులు గమనించాలి.

ఆ శుక్రవారం ఇంకో సంగతి. ఈ రేసు సందడిలో భాగంగా అదే రోజు సాయంత్రం గుర్గావ్‌లో అమెరికా రాక్ బృందం మెటాలికా వాళ్ల కచేరీ పెట్టారు. జనం బారికేడ్లు తోసేశారు. కచేరీ ఆగింది, కోపంతో కొందరు స్టేజీ ఎక్కి సామాను విరగ్గొట్టారు, నిర్వాహకుల్ని పోలీసులు పట్టుకెళ్లారు. ఒకే రోజు పొద్దున కుక్క, సాయంత్రం మనుషులు, అందరూ కంచెలు దాటారు. కుక్క ఏమీ విరగ్గొట్టలేదు.

ఇక ట్రాక్ పేరు. గౌతమ బుద్ధ నగర్ జిల్లాలో ఉంది కాబట్టి బుద్ధ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అన్నారు. 5.125 కిలోమీటర్ల చుట్టు, అరవై సార్లు తిరగాలి. రాజభోగం, రథం, గుర్రం అన్నీ వదిలేసి కాలినడకన వెళ్లిపోయినాయన పేరు గంటకి మూడు వందల కిలోమీటర్లు దాటే దారికి పెట్టడంలో తప్పేమీ లేదు. అరవై సార్లు తిరిగి, బయల్దేరిన చోటికే వచ్చి ఆగడం చూస్తే సంసారచక్రం గురించి ఇంతకన్నా వివరంగా ఎవరు చెప్పగలరు? కోరికే దుఃఖానికి మూలం అన్నది మాత్రం జేపీ వాళ్లకి అప్పులిచ్చిన బ్యాంకులకి తర్వాత తెలిసింది.

రేసు గురించి కూడా ఒక మాట అనాలి కాబట్టి అంటున్నాను. 2011 అక్టోబర్ 30న జర్మన్ డ్రైవర్ సెబాస్టియన్ వెటెల్ ముందు నుంచి బయల్దేరి, అరవై ల్యాపులూ ముందే ఉండి, ముందే ముగించాడు. 2012లోనూ అరవైకి అరవై అంతే. మనవాడు నరైన్ కార్తికేయన్ 2011లో 17వ స్థానంలో వచ్చాడు. నవ్వకండి. ఆ డొక్కు కారులో అంతకంటే ఎవరూ చేయలేరు, తన టీమ్‌లోనే ఉన్న డేనియల్ రికియార్డోకంటే ముందే వచ్చాడు. ఆ రికియార్డో తర్వాత ఎనిమిది గ్రాండ్ ప్రిలు గెలిచాడు. ఇక ఫోర్స్ ఇండియా అని విజయ్ మాల్యా టీమ్ ఒకటి ఉండేది. ఫ్యాక్టరీ ఇంగ్లండ్‌లో, డ్రైవర్లలో ఒకాయన జర్మన్, ఇంకొకాయన స్కాట్లాండ్ మనిషి. ఆ టీమ్‌లో ఇండియా ఉన్నది పేరులో, బాకీల్లో.

2013 అక్టోబర్ 27న వెటెల్ మూడోసారి గెలిచి, దాంతోపాటు నాలుగో ప్రపంచ టైటిల్ కూడా పట్టాడు. ఆనందం పట్టలేక కారుని జనం ముందు గుండ్రంగా గిరగిరా తిప్పి, పొగలో దిగి, కారు ముందు మోకాళ్ల మీద కూర్చుని దండం పెట్టాడు. దసరా వెళ్లి సరిగ్గా రెండు వారాలు. మన వీధిలో ఏ ఆటోడ్రైవరైనా చూస్తే, కుర్రాడు ఆయుధపూజ కాస్త ఆలస్యంగా చేసుకుంటున్నాడనుకుంటాడు. టైరు కింద నిమ్మకాయ ఒక్కటే తక్కువ. కానీ కారుని చెప్పిన చోటికి తేకుండా నడిరోడ్డు మీద వదిలేశాడని అతనికి మందలింపు, టీమ్‌కి 25,000 యూరోల జరిమానా వేశారు. మనవాళ్లకి ఆ చలానా మొత్తం చూసి కళ్లు తిరిగాయి. ఫొటో కొట్టి పంపకుండా, పక్కకి పిలిచి మాట్లాడుకోకుండా, అక్కడికక్కడే తేల్చేశారు.

అంతే, ఆ మూడో రేసే ఆఖరిది. 2014 జాబితాలో పేరు లేదు. 2015లో వస్తుందన్నారు, రాలేదు. రేసు వెళ్లిపోయాక కూడా ఒకటి మాత్రం మిగిలింది, పన్ను కేసు. మేం వచ్చేది ఏడాదికి మూడు రోజులు, ఇక్కడ మాకు శాశ్వత స్థావరమంటూ ఏముంది, పన్నెందుకు కట్టాలి అని ఫార్ములా వన్ కంపెనీ వాదించింది. 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది: ఉంది, కట్టాలి. న్యాయం ప్రకారం అది సరైన తీర్పే, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ ఒకసారి ఆలోచించండి. సర్వం అనిత్యం అన్న బుద్ధుడి పేరున్న చోట, గంటకి మూడు వందల మీద పోతూ మూడు రోజులుండి, మూడేళ్లకే మాయమైన సర్కస్‌ని మనం శాశ్వతమని రుజువు చేశాం. అప్పటికి సర్క్యూట్‌లో ఫార్ములా వన్ కార్లు లేక నాలుగో ఏడు.

హైదరాబాద్ వాళ్లం మనం మాత్రం ఆశ వదల్లేదు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ జరిపించాం. కరెంటు కార్లు, 2.83 కిలోమీటర్ల ట్రాక్. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ డిసెంబర్‌లో ప్రభుత్వం మారింది, జనవరిలో రెండో రేసు రద్దయింది, ఆ తర్వాత సంగతి ఏసీబీ దాకా వెళ్లింది. 2004 చూసినవాళ్లకి ఇందులో కొత్తేమీ కనబడదు. మామయ్య అయితే రేసు ప్రకటించినప్పుడే, అల్లుడూ, ఎలక్షన్లు ఎప్పుడురా అని అడిగాడు.

విగ్రహం ఎక్కడ పెట్టాలన్న దాని మీద నాకు రెండు ఆలోచనలున్నాయి. ఒకటి గ్రేటర్ నోయిడా ట్రాక్ మొదటి మలుపు. రెండోది గోపన్‌పల్లి. రెండోది చూసొద్దామని పోయిన ఆదివారం మామయ్యని బండెక్కించుకుని బయల్దేరాను. మూడు కిలోమీటర్లకి నలభై నిమిషాలు పట్టింది. రెండు పక్కలా ముప్పై అంతస్తుల అపార్ట్‌మెంట్లు, మధ్యలో కార్లు, క్యాబులు, వాటర్ ట్యాంకర్లు, ఒకరి బంపరుకి ఒకరు ఆనుకుని. మామయ్య అద్దం దించి, అదిగో అక్కడే మలుపు రావాల్సింది అన్నాడు. అక్కడ ఒక టిఫిన్ బండి ఉంది. బండి వెనక నుంచి ఒక కుక్క లేచి, ఒళ్లు విరుచుకుని, ఆగి ఉన్న కార్ల మధ్యలోంచి రోడ్డు దాటింది. ఎవరూ హారన్ కొట్టలేదు, ఎవరూ కదలట్లేదు కాబట్టి.

"మనకంటే అదే నయం," అన్నాడు మామయ్య, "అవతలికి చేరింది."