రోటో మౌల్డింగ్‌లో అచ్చును వేగంగా తిప్పరండీ
రోటో మౌల్డింగ్‌తో, అంటే ప్లాస్టిక్ పొడిని వేడి అచ్చులో తిప్పుతూ కరిగించే పద్ధతిలో, వాటర్ ట్యాంకుల తయారీ గురించి మీ వ్యాసంలో ఓపిగ్గా రాశారు, సంతోషం. కానీ ‘అచ్చు గిర్రున తిరిగే వేగానికి ప్లాస్టిక్ గోడలకు అతుక్కుంటుంది’ అన్న వాక్యం మాత్రం సరిదిద్దాలి. బెంగళూరు పీణ్యా పారిశ్రామికవాడలో ఇదే పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా. అచ్చు నిదానంగానే తిరుగుతుంది, మామూలుగా నిమిషానికి 20 చుట్ల లోపే, అదీ ఒకేసారి రెండు ఇరుసుల మీద. పాలిథిలిన్ (ట్యాంకు చేసే ప్లాస్టిక్) పొడి తన బరువుకి అడుగునే జారుతూ ఉంటుంది. వేడెక్కిన అచ్చు గోడ దాని కిందికి వచ్చినప్పుడల్లా కొంచెం కరిగి పొరలా పట్టుకుంటుంది. విసురుగా తిప్పి అంచుకు నెట్టే స్పిన్ కాస్టింగ్ వేరే పద్ధతి.

అసలు కిటుకంతా వేడిలో ఉంది. ట్యాంకు ముక్క కోసి లోపలివైపు చూడండి. వేడి చాలకపోతే చేతికి గరుకుగా తగులుతుంది, మందంలో సన్నని బుడగలు కనిపిస్తాయి. ఎక్కువైతే పసుపు తిరిగి మాడు వాసన కొడుతుంది, దెబ్బ తగిలితే పెళుసుగా విరుగుతుంది. ఓవెన్ మీటరు 300 డిగ్రీలు చూపించినా, అచ్చు లోపలి గాలి 200 దగ్గరికి వచ్చిందా లేదా అన్నదే లెక్క. చల్లార్చేటప్పుడు కూడా తిప్పుతూనే ఉండాలి, లేదంటే కరిగినది జారి మందం తేడా వస్తుంది. దయచేసి ఈ సంగతి ఒక పేరా అయినా చేర్చండి, కొత్తగా యూనిట్ పెట్టాలనుకునే పిల్లలు ఇలాంటివి చదివే మొదలుపెడతారు.