పెన్సిల్ సెల్ మీద ఆ చిన్న అక్షరాలు ఎప్పుడైనా చదివారా?

మొన్న వేసవిలో మా అమ్మ బీపీ మెషిన్ మొరాయించింది. బటన్ నొక్కితే గాలి ఎక్కడం మొదలవుతుంది, చేతి పట్టీ సగం బిగుసుకున్నాక గుర్రుమని నీరసంగా ఆగిపోతుంది, స్క్రీన్ మీద ఎర్రర్. సెల్స్ వేసి వారం కూడా కాలేదు, కిరాణా కొట్లో కొని ప్యాకెట్ చింపి నేనే వేశా, అందుకే వాటి మీద అనుమానమే రాలేదు, మెషినే పోయిందనుకుని కొత్తది కొనడానికి రెడీ అయిపోయాం. పక్కింటి కుర్రాడు వచ్చి ఒకసారి సెల్స్ మార్చి చూడండి అన్నాడు, ఆల్కలైన్ అనే రకం సెల్స్ నాలుగు తెచ్చి వేస్తే మెషిన్ చక్కగా పనిచేసింది. తీసేసిన వాటిలో ఒకటి గోడ గడియారంలో పెట్టా, అది ఇప్పటికీ తిరుగుతూనే ఉంది.

అంటే ఆ సెల్ చెడ్డదేం కాదు, దాన్ని పెట్టకూడని చోట పెట్టాం. ఎవర్ని అడిగినా ఎవరెడీ మంచిదా, నిప్పోనా, డ్యూరాసెల్లా అనే అంటారు గానీ, నా లెక్కలో ఆ ప్రశ్న రెండోది. మొదట చూడాల్సింది సెల్ మీద కింద కనీకనబడకుండా వేసే కోడ్. ఆర్6 అని ఉంటే మామూలు జింక్ కార్బన్, ఎల్ఆర్6 అని ఉంటే ఆల్కలైన్, హెచ్ఆర్6 అంటే చార్జింగ్ పెట్టుకునేది. రిమోట్‌లో వేసే సన్న సెల్ అయితే 6 బదులు 03 ఉంటుంది, అంతే తేడా. ఒకే కంపెనీ ఒకటి కన్నా ఎక్కువ రకాలు అమ్ముతుంటుంది, కాబట్టి "ఫలానా బ్రాండ్ సెల్ వాడాను బాలేదు" అని ఎవరైనా అంటే నేను ముందు ఏ రకం అని అడుగుతా.

జింక్ కార్బన్ సెల్‌లో చుట్టూ ఉండే జింక్ డబ్బానే మైనస్, వాడేకొద్దీ ఆ డబ్బానే కరిగిపోతుంది. కొంచెం కొంచెంగా కరెంట్ అడిగితే బాగానే ఇస్తుంది, ఒక్కసారిగా ఎక్కువ లాగితే వోల్టేజ్ పడిపోతుంది, కాసేపు వదిలేస్తే మళ్ళీ కొంచెం తేరుకుంటుంది. మా తాతయ్య టార్చిలైటు సెల్స్ తీసి అరుగు మీద ఎండలో పెట్టేవాడు గుర్తుంది, రాత్రికి మళ్ళీ కాస్త వెలుగు వచ్చేది, అది చార్జింగ్ ఎక్కడం కాదు, విశ్రాంతి దొరకడం, వేడికి లోపల రియాక్షన్ కొంచెం చురుకవ్వడం, అంతే. ఆల్కలైన్‌లో జింక్ పొడి మధ్యలో ఉంటుంది, బయట స్టీలు డబ్బా. పొడి కాబట్టి రియాక్షన్‌కి ఎక్కువ చోటు దొరుకుతుంది, అందుకే గట్టిగా లాగినా తట్టుకుంటుంది.

గోడ గడియారానికి కావాల్సిన కరెంట్ ఒక మిల్లీ యాంపియర్‌లో చిన్న భాగం. బీపీ మెషిన్ పంపు తిరిగేటప్పుడు వందల మిల్లీ యాంపియర్లు లాగుతుంది. ఆల్కలైన్ రేటు మామూలు దానికి రెండు మూడింతలు ఉంటుంది కదా, గడియారంలో అది వేస్తే పెట్టిన డబ్బుకి తగ్గట్టు ఎక్కువేం రాదు, అదే బీపీ మెషిన్‌లో, పిల్లల కారు బొమ్మలో మామూలుది వేస్తే దానిలో ఉన్న శక్తిలో చాలా భాగం వాడకుండానే పారేస్తున్నాం, చౌక అనుకున్నదే ఖరీదు.

ఇక బ్రాండ్ సంగతికొస్తే, జింక్ కార్బన్‌లో మన తెలుగువాళ్ళకి దగ్గరిది నిప్పో, ఇండో నేషనల్ కంపెనీది, ఫ్యాక్టరీ మొదట పెట్టింది నెల్లూరులోనే. ఎర్ర ఎవరెడీ సంగతి చెప్పక్కర్లేదు. ఈ కొట్లో ఒకటి, ఆ కొట్లో ఇంకోటి కొంటూ పోటీ ఉందనుకున్నాం, తీరా 2018 ఏప్రిల్‌లో, కంపెనీల మధ్య పోటీ సరిగ్గా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ ఇచ్చిన ఆర్డర్ చూస్తే ఎవరెడీ, ఇండో నేషనల్, పానసోనిక్ కంపెనీలు 2008 నుంచి 2016 దాకా మాట్లాడుకుని జింక్ కార్బన్ సెల్స్ రేట్లు పెంచాయని తేల్చింది. ఎవరెడీకి 171.55 కోట్లు, ఇండో నేషనల్‌కి 42.26 కోట్లు జరిమానా వేసింది, ముందుగా వచ్చి విషయం చెప్పేసిన పానసోనిక్‌కి పూర్తిగా మాఫీ. ఆర్డర్ మీద అప్పీళ్ళకి వెళ్ళారు, అది వేరే విషయం. 2019 జనవరిలో ఇంకో రెండు ఆర్డర్లు వచ్చాయి, గీప్, గోద్రెజ్ పేరుతో అమ్మిన సెల్స్ కొన్ని పానసోనిక్ సప్లై చేసినవేనని వాటిలో ఉంది. కూలివాడి టార్చిలో, ముసలమ్మ రేడియోలో పడే సెల్ ఇది, ఒక్కో సెల్ మీద పెరిగింది కొంచెమే అయినా నాకు మాత్రం కడుపు మండింది. అందుకే మామూలు సెల్ దగ్గర పేరుకి ఎక్కువ డబ్బులు పెట్టొద్దంటా, డేట్ చూసి కొత్తది తీసుకోండి చాలు.

ఆల్కలైన్‌లో కూడా అంతే, డ్యూరాసెల్, ఎనర్జైజర్ బాగుంటాయి, కానీ వాటిలో వాటికి ఉన్న తేడా కన్నా రేటులో తేడా ఎక్కువ కనిపిస్తుంది. ఆఫర్‌లో ప్యాకెట్ రేటుని సెల్స్ సంఖ్యతో భాగించి చూసుకోండి.

రోజూ వాడే బొమ్మలు, మైకులు, గేమ్ కంట్రోలర్లు ఉన్న ఇంట్లో మాత్రం రీచార్జబులే కొనండి. సాన్యో కంపెనీ 2005లో ఎనెలూప్ అనే రీచార్జబుల్ సెల్ తెచ్చే దాకా ఈ సెల్స్ డ్రాయర్‌లో ఊరికే పడి ఉన్నా కొన్ని నెలల్లో ఖాళీ అయిపోయేవి, ఇప్పుడు పానసోనిక్ అమ్ముతున్న అదే రకం ఏడాది తర్వాత కూడా చాలా వరకు చార్జ్ నిలుపుకుంటుంది. ఒక సెల్ ఖరీదు, చార్జర్‌లో దాని వాటా కలిపి పది ఆల్కలైన్ సెల్స్ అంత అనుకున్నా, పది చార్జింగులకి డబ్బు తిరిగొచ్చేస్తుంది, పిల్లల బొమ్మకి అది కొన్ని నెలల పని, గడియారానికి పదేళ్ళు. వీటి వోల్టేజ్ మిగతా వాటికన్నా తక్కువ, 1.2 మాత్రమే కాబట్టి కొన్ని మెషిన్లు ముందే బ్యాటరీ అయిపోవస్తోందని చూపిస్తాయి. ఇంకో మాట, ఆన్‌లైన్‌లో పెన్సిల్ సైజు మీద 4000, 5000 ఎంఏహెచ్ (ఎంత చార్జ్ పడుతుందో చెప్పే లెక్క) అని రాసి అమ్మే రీచార్జబుల్ సెల్స్ అసలు ముట్టుకోవద్దు, ఆ సైజులో హెచ్ఆర్6 మంచిదైనా 2000 నుంచి 2800 లోపే ఉంటుంది.

కారడం అన్ని బ్రాండ్లకీ ఉంది. ఏడాదికోసారి రిమోట్ వెనక మూత తీసి చూడండి, ఆల్కలైన్ కారి స్ప్రింగు మీద తెల్లగా ఉప్పులా పేరుకుంటే కాస్త నిమ్మరసం దూదికి అద్ది తుడిస్తే పోతుంది, వట్టి చేతితో ముట్టుకోకండి. మా అమ్మ బీపీ మెషిన్‌లో ఇప్పుడు ఎల్ఆర్6 వేసి, చూడటం అయిపోగానే తీసి డబ్బాలో పెడుతున్నాం. గడియారంలో ఉన్న సెల్ మీద వేసిన తేదీ పెన్నుతో రాశా, ఎంతకాలం వస్తుందో చూడాలి.