గాలిలో ఆగిపోయిన బస్సు గురించి

మహారాజశ్రీ తొంభైల నాటి యాక్షన్ చిత్రం గారి సముఖమునకు, విజయనగరంలో ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పుకొని బతికే ఒక లెక్చరరు నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

మొన్న ఆదివారం శ్రీకాకుళంలో మా మేనమామ మనవరాలి ఓణీల వేడుకకు బయలుదేరుతూ, చొక్కా గుండీలు పెట్టుకునేంత సేపు టీవీ ముందు నిలబడ్డాను. తమరు 1994 నాటి ‘స్పీడ్’ రూపంలో, తెలుగు గొంతులతో దర్శనమిచ్చారు. ఒకే ఒక్క విరామమని ఛానెలు వారు మాట కూడా ఇచ్చారు. కూర్చున్నాను.

తమరి వంశంలో హీరోల తుపాకులకు గుళ్లు అయిపోకపోవడాన్ని నేను ఎన్నడో క్షమించాను. చంపబోయే ముందు విలను తన పథకమంతా వివరించడాన్నీ క్షమించాను. పాఠం చెప్పే అవకాశం వస్తే వదులుకోలేని జబ్బు నాకూ ఉంది. బస్సు గంటకు యాభై మైళ్లు, అంటే ఎనభై కిలోమీటర్లు, దాటితే బాంబు సిద్ధమవుతుందట. ఆ తరువాత వేగం తగ్గితే పేలుతుందట. అదే బాంబును మా పల్లెవెలుగు కింద పెట్టి ఉంటే ఎనభై కోసం ఎదురుచూసి ఎదురుచూసి తుప్పు పట్టేది. పోనీయండి.

పోనివ్వలేనిది ఆ గెంతు. వంతెనలో యాభై అడుగుల ఖాళీ, బస్సు వేగం సుమారు డెబ్బై మైళ్లు. ఆ ఖాళీ దాటడానికి అర సెకను చాలు. కానీ రోడ్డు సమతలంగా ఉన్నప్పుడు, లోపల ఎంతటి హీరో ఉన్నా, ఆ అర సెకనులో బస్సు దాదాపు నాలుగడుగులు కిందికి జారి అవతలి అంచుకు మూతి పగలగొట్టుకోవాలి. ప్రక్షేపకాల పాఠంలో ఏటా నేను చెప్పేది ఇదే. తమరి బస్సు మాత్రం ముందు చక్రాలెత్తి పైకి లేస్తుంది. ఇంత తెలిసిన నేను, బస్సు అంచుకు రాగానే కుర్చీలో రెండు కాళ్లూ పైకెత్తాను.

సరిగ్గా అప్పుడు ప్రకటనలు వచ్చాయి. బట్టల సబ్బు, బంగారంపై రుణాలు, మోకాళ్ల నొప్పుల నూనె, మళ్లీ అదే సబ్బు. అర సెకనులో దిగవలసిన బస్సు పన్నెండు నిమిషాలు గాలిలోనే ఉంది! న్యూటనును తమరు అవమానిస్తే ఊరుకున్నాను గానీ, ఇదేం పద్ధతయ్యా? బస్సు దిగాక అమ్ముకోకూడదా మీ సబ్బులు? మనుషులను దింపకుండా మధ్యలో వదిలేస్తే మా ఆర్టీసీ కాంప్లెక్సులో డ్రైవరును కాలరు పట్టుకొని అడుగుతారు, తెలుసా నీకు? ప్రకటనలు అయ్యేసరికి కరెంటు పోయింది.

అయినా నీ మీద కోపం నిలవడం లేదు. లాస్ ఏంజెలిస్‌లో ఆ రోడ్డు నిజానికి పూర్తయే ఉందట. ఖాళీని తరువాత కంప్యూటరుతో సృష్టించారు. బస్సును మాత్రం వాలుచెక్క మీదుగా నిజంగానే ఎగిరించారు. అబద్ధమంతా ఆ ఖాళీది, బరువు మాత్రం అసలైనది. ఏటేటా పైడితల్లమ్మ పండుగలో సిరిమాను అనే పొడవాటి మాను కొసన ఊగే పూజారి కోసం మెడలెత్తి చూసే ఊరు మాది. గాలిలో ఉన్నదానికి బరువుందో లేదో మాకు తెలుస్తుంది. ఇప్పటి సినిమాల్లో పది విమానాలు ఒకేసారి గుద్దుకున్నా నా కాళ్లు నేల వదలడం లేదు.

చీకటిలో కూర్చొని ఉండగా మేనమామ ఫోను చేశాడు. “ఏట్రా, ఇంకా రాలేదు? బస్సులోనే ఉన్నావా?”

అవునన్నాను.