కొడికొండ దగ్గర కంచె: కొన్ని సాంకేతిక సూచనలు

మారతహళ్లి తెలుగు సంఘం సభ్యులు ఆదివారం పెసరట్టు దగ్గర ఏకగ్రీవంగా ఒప్పుకునే సంగతి ఒక్కటే: బెంగళూరు నిండిపోయింది, ఇక వచ్చేవాళ్లని ఆపాలి. ఎప్పుడు నిండిందని అడిగితే, ఎవరికి వారు తాము హైదరాబాద్ బస్సు దిగిన మర్నాడే అంటారు. ఆంధ్ర-కర్ణాటక సరిహద్దులో, హైదరాబాద్ రోడ్డు మీదున్న కొడికొండ చెక్‌పోస్టు దగ్గర కంచె వేయిస్తే పీడా పోతుందన్నది తాజా ప్రతిపాదన. దేశాలు ఈ పని ఏళ్ల తరబడి చేస్తున్నాయి గనక, ఉత్సాహం చల్లారకముందే కొలతలు చూసుకోవడం మంచిది.

ముందు స్థలం. కంచెని సరిహద్దు గీత మీద వెయ్యరు. 1975లో భారత్, బంగ్లాదేశ్ రాసుకున్న మార్గదర్శకాల ప్రకారం గీతకి 150 గజాల లోపు రక్షణ కట్టడాలు ఉండకూడదు. అందుకే అక్కడ మన దేశపు కంచె చాలావరకు మన నేలలోనే అంత వెనక్కి జరిగింది. అంటే కిలోమీటరుకి దాదాపు 34 ఎకరాలు. కాగితం మీద మనదే, ఉండేది మాత్రం కంచె అవతల. అక్కడ పొలాలున్నాయి, కొన్నిచోట్ల ఇళ్లూ ఉన్నాయి. రైతు పొద్దున్నే గేటు దగ్గర గుర్తింపు కార్డు బీఎస్‌ఎఫ్ జవానుకి ఇచ్చి, ఎద్దుల్ని తోలుకుని తన చేలోకి తను వెళ్లాలి. గేటు మూసేలోపు తిరిగి రావాలి. జనపనార వేస్తానంటే చాలాచోట్ల ఒప్పుకోరు, ఏపుగా పెరిగి కాపలావాళ్ల చూపుకి అడ్డమొస్తుందని. గీతకి కర్ణాటక పక్కనున్న బాగేపల్లి వైపు ప్లాట్లు కొన్న సభ్యులు ఈ పేరా రెండుసార్లు చదువుకోగలరు.

సామాను సంగతి. రెండు వరుసల స్తంభాలు, మధ్యలో ముళ్ల తీగ చుట్టలు. 4,096 కిలోమీటర్ల ఆ సరిహద్దుకి కంచె మంజూరైంది 1986లో. ఇప్పటికీ పూర్తికాలేదు. ఈలోగా మొదటి విడత కంచె వానకి, ముంపుకి పాడై, 861 కిలోమీటర్ల మేర మార్చాల్సి వచ్చింది. తోక కట్టేలోపు తల తుప్పు పట్టిందన్నమాట.

తీగ వద్దు, ఉక్కే కావాలనేవాళ్లు అమెరికా నమూనా చూడొచ్చు. మెక్సికో సరిహద్దులో 30 అడుగుల దాకా ఎత్తున్న ఉక్కు గొట్టాలు పాతి, లోపల కాంక్రీటు నింపారు. 2019లో స్మగ్లర్లు హార్డ్‌వేర్ షాపులో 100 డాలర్లకి దొరికే బ్యాటరీ రంపంతో వాటిని అడుగున కోసేశారు, అదీ నిమిషాల్లో. గొట్టం పైన మాత్రమే అతుక్కుని వేలాడుతుంది గనక, ఎంత పొడుగుంటే పక్కకి నెట్టడం అంత సులువు. మనిషి దూరాక మళ్లీ నిలబెట్టి, కోత కనపడకుండా పుట్టీ పూసేవారు. ఆ పనితనం మన ఫ్లాట్ల బిల్డర్లకి లేదు. రంపమైతే బెంగళూరు ఎస్పీ రోడ్డు దుకాణాల్లో ఉంటుంది.

నీళ్లు ఇంకో తలనొప్పి. అరిజోనాలో వాగులకి అడ్డంగా కట్టినచోట వానాకాలం గేట్లు తెరిచి ఉంచుతారు. లేకపోతే చెత్త, కొమ్మలు పేరుకుని కంచె కాస్తా ఆనకట్ట అవుతుంది. మనకి కొడికొండ వైపు చిత్రావతి ఏరు ఉంది. వానల్లో గేటు తెరవాలి, ఎండల్లో ఏరే రోడ్డు.

విమానంలో దర్జాగా వచ్చి, వీసా గడువు దాటాక ఉండిపోయేవాళ్లని ఏ కంచె ఆపుతుందన్న అంశం అజెండాలో పెట్టకండి. సభ్యుల పిల్లలు చాలామంది డాలస్‌లో ఉన్నారు.

చివరిగా కూలీలు. గుంతలు తియ్యాలి, స్తంభాలు నిలపాలి, కాంక్రీటు కలపాలి. తీర్మానం చేసినవాళ్లెవరూ పార పట్టరు. మనుషులు పాలమూరు నుంచో, శ్రీకాకుళం నుంచో, బెంగాల్ మాల్దా నుంచో రావాలి. కాబట్టి పని పూర్తయ్యేదాకా కొడికొండ గేటు రాత్రింబవళ్లు తెరిచే ఉంచాలి. ఆపైన తుప్పు మరమ్మతులు మొదలవుతాయి, వాటికీ వాళ్లే రావాలి.