కడుపును ‘రీసెట్’ చేసే గంజి గురించి

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది నల్లగొండలో నాతో పనిచేసే టీచర్. అంతకుముందు మిర్యాలగూడ నుంచి మా చిన్నవదిన, ఆమెకన్నా ముందు జడ్చర్లలో ఉండే దోస్తు. ‘బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు తప్పక చదవండి, మళ్లీ లావు కాకుండా ఏడు రహస్యాలు’ అని మొదలవుతుంది. నేను స్లీవ్, అంటే కడుపులో చాలా భాగం కోసి తీసేసే ఆపరేషన్, చేయించుకున్న సంగతి తెలిసినవాళ్లందరికీ అది చూడగానే నేనే గుర్తొస్తున్నాను. పంపినవాళ్ల మీద కోపం లేదు. రాసినవాళ్ల మీద ఉంది. ఒక్కొక్కరికి విడిగా చెప్పే ఓపిక అయిపోయింది కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నా.

మొదటి రహస్యం: ‘ఏడాదిన్నర తర్వాత బరువు తగ్గడం ఆగిందంటే కడుపు సాగిపోయినట్టే, ఆపరేషన్ ఫెయిలైనట్టే.’

ఆగకపోతే ఏం కావాలి మరి? తగ్గీ తగ్గీ మాయమైపోవాలా? ఏడాది, ఏడాదిన్నర మధ్య బరువు ఒకచోట నిలబడాలి. అది జరగాల్సిన పనే. ఆ తర్వాత కొంత తిరిగి పెరగడం కూడా చాలామందిలో ఉండేదే. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి ఏళ్ల తరబడి మనుషులను గమనించిన పెద్ద అధ్యయనం ఒకటుంది. అందులో బైపాస్ (గుండెది కాదు, కడుపును చిన్న సంచిలా చేసి పేగుకు అతికే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లు మొదటి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు చూస్తే ఆ తగ్గుదల 25 శాతం దగ్గర ఉంది. అంటే 120 కిలోల మనిషి 82 దాకా దిగి, పదేళ్లకు 90 దగ్గర ఉన్నట్టు. ఆ ఎనిమిది కిలోలు చూసి ఫెయిల్ అనాలా, తిరిగి రాని ముప్పై కిలోలు చూసి పాస్ అనాలా? కడుపు కాలక్రమంలో కొంచెం సాగే మాట నిజమే. కానీ బరువు పెరిగిన ప్రతివాళ్లకూ కారణం అదే కాదు. ఒళ్లు తగ్గినాక అది రోజూ ఖర్చుపెట్టే శక్తి కూడా తగ్గుతుంది, ఆకలి మెల్లగా తిరిగొస్తుంది. నెలనెలా పెరుగుతూనే పోతుంటే మాత్రం సర్జన్ దగ్గరికి వెళ్లాలి, వాట్సాప్ దగ్గరికి కాదు.

రెండోది నన్ను బాగా గుచ్చింది. ‘ఇంకా తీపి మీద, కారప్పూస మీద మనసు పోతోందంటే మీకు మనోబలం లేదు.’

స్లీవ్‌లో కడుపులో నాలుగింట దాదాపు మూడొంతులు తీసేస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యే పై భాగం కూడా దాంతోపాటే పోతుంది. అందుకే మొదటి నెలల్లో బువ్వ మాటే గుర్తు రాదు. దాన్ని మనోబలం అనుకుని మురిసిపోతాం. తర్వాత ఆకలి తిరిగొస్తే మనోబలం పోయిందని ఏడుస్తాం. రెండుసార్లూ అందులో మన గొప్పా లేదు, తప్పూ లేదు. సాయంత్రం నాలుగింటికి స్టాఫ్ రూమ్‌లో చాయ్, దాంతో రెండు ఉస్మానియా బిస్కెట్లు ఇరవై ఏళ్లు తిన్న మనిషికి నాలుగయ్యేసరికి నోరు ఊరుతుంది. ఆ అలవాటు ఉండేది తలలో. సర్జన్ చేయి పెట్టింది అక్కడ కాదు.

పైగా బైపాస్ చేయించుకున్నవాళ్లలో ఇంకో తిరకాసు ఉంది. స్వీటు తిన్న గంట నుంచి మూడు గంటల లోపు కొందరికి షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు, వణుకు, గుండె దడ. అప్పుడు ఒళ్లే మళ్లీ తీపి అడుగుతుంది. ఇచ్చామా, ఇంకోసారి అదే తిరుగుడు. దీనికి మనోబలం ఏం చేస్తుంది? మధ్యాహ్నం తినకుండా ఉండిపోతే సాయంత్రం పిచ్చి ఆకలి పుడుతుంది, నిద్ర చాలకపోయినా అంతే. వేళకు తినడం, నిద్రపోవడం, చుడువ డబ్బా కళ్ల ముందు నుంచి తీసేయడం: పనిచేసేవి ఇవీ. మనిషిని సిగ్గుపరిస్తే తినడం ఆగదు, చాటుగా తింటారు. సంక్రాంతికి గరిజెలు అలా తిన్నవాళ్లు నాకు తెలుసు.

మూడోది చక్కెర బదులు బెల్లం, తేనె ఎంతైనా వాడొచ్చట. బెల్లం కూడా చక్కెరే. తర్వాత.

నాలుగోది పరగడుపున జీలకర్ర నీళ్లు. తాగండి, నష్టం లేదు. కొవ్వు మాత్రం కరగదు.

ఐదోది ‘చెట్టు కల్లు సహజం కాబట్టి పర్వాలేదు.’ ఆపరేషన్ తర్వాత మత్తు పానీయం ఏదైనా రక్తంలోకి తొందరగా చేరుతుంది, తక్కువకే ఎక్కుతుంది. ముఖ్యంగా బైపాస్ తర్వాత తాగుడు అలవాటుగా మారే ప్రమాదం రెండో ఏడు నుంచి పెరుగుతుందని డాక్టర్లు హెచ్చరిస్తారు. ఇక పాలమూరు వైపు కల్లులో డైజిపామ్, అల్ప్రాజోలం లాంటి మత్తు మందులు కలిపి పట్టుబడ్డ కేసులు పేపరు చదివేవాళ్లకు కొత్త కాదు. సహజమట!

ఇప్పుడు ఆరో రహస్యం. ఈ రాత రాయడానికి అసలు కారణం ఇదే. ‘బరువు ఆగిపోతే ఏడు రోజులు గంజి, అంబలి మాత్రమే తాగండి. కడుపు రీసెట్ అయి మళ్లీ చిన్నదవుతుంది. ఆ ఏడు రోజులూ విటమిన్ గోళీలు బంద్ పెట్టండి, అవి ఆకలి పుట్టించి లావు చేస్తాయి. ఏడాది దాటినవాళ్లు పూర్తిగా మానేయొచ్చు.’

ఏడు రోజులు పలచనిది తాగితే కడుపు చిన్నదవుతుందనడానికి ఆధారం లేదు. తగ్గేది ఒంట్లో నీరు, కొంత కండ. అన్నం తినగానే కాంటా మళ్లీ పాత అంకె చూపిస్తుంది. అంతటితో పోతే నేను కూడా నవ్వి ఊరుకునేదాన్ని. అంతటితో పోదు.

మన ఒంట్లో థయమిన్, అంటే బి1 విటమిన్, నిల్వ ఉండేది రెండు మూడు వారాలకే. ఆపరేషన్ అయినవాళ్లు తినేదే కొంచెం, అందులో దొరికేది ఇంకా కొంచెం. గంజి అంటే పాలిష్ పట్టిన బియ్యం నీళ్లు, అందులో బి1 నామమాత్రం. కానీ ఆ పిండి పదార్థాన్ని ఒళ్లు వాడుకోవాలంటే బి1 ఖర్చవుతుంది. అంటే వచ్చేది ఆపి, పోయేది పెంచమని చెప్పే చిట్కా ఇది. దానికి వాంతులు తోడైతే, అందులోనూ ఆపరేషన్ అయిన మొదటి నెలల్లో, మెదడు దెబ్బతినొచ్చు. చూపు రెండుగా కనబడటం, నడక తూలడం, మాటల్లో తికమక. వెర్నికీ ఎన్‌సెఫలోపతి అంటారు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి తిరిగి రాకపోవచ్చు.

మన ఊళ్లలో తర్వాత ఏం జరుగుతుందో మీకూ తెలుసు. నీరసంగా ఉందంటే ఆర్‌ఎంపీ దగ్గరికి పోతాం, ఆయన గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తాడు. బి1 లేని ఒంట్లోకి వట్టి గ్లూకోజ్ పోతే ఉన్న కాస్తా ఖర్చయిపోయి పరిస్థితి ముదురుతుంది. కాబట్టి బేరియాట్రిక్, అంటే బరువు తగ్గే ఆపరేషన్ అయినవాళ్లకు రెండు మూడు రోజులుగా వాంతులు ఆగకపోతే బాటిల్ పెట్టించుకునే ముందే ఆపరేషన్ సంగతి చెప్పండి, ‘ముందు థయమిన్ ఇవ్వండి’ అని అడగండి. తర్వాత ఆలస్యం చేయకుండా పెద్దాస్పత్రికి.

‘నేను ఏడాది నుంచి గోళీలు మానేశా, నాకేం కాలేదు’ అనేవాళ్లు ప్రతి గ్రూపులో ఒకరుంటారు. బి12 కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుందమ్మా, అందుకే ఏం కాలేదు. అయిపోయినాక అరికాళ్లలో తిమ్మిర్లు మొదలవుతాయి, రక్తం తగ్గుతుంది. ఆడవాళ్లలో ఐరన్ ఇంకా ముందే అడుగంటుతుంది. ఐరన్ గోళీ చాయ్‌తో వేసుకుంటే సరిగ్గా ఒంటబట్టదు, కాల్షియంతో కలిపి వేసుకోకూడదు, మధ్యలో కనీసం రెండు గంటలు వదలాలి. ఇలాంటివి రాస్తే పదిమందికి పనికొచ్చేవి. ఇక విటమిన్ గోళీతో లావు కావడమా? దాంట్లో లావు చేసేంత క్యాలరీలు ఎక్కడున్నాయో రాసినాయన చూపించాలి. రంగులోనా, రేపర్‌లోనా?

నిజంగా బంద్ పెట్టాల్సిన గోళీలు కొన్నున్నాయి, వాటి ఊసే ఎత్తలేదు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పుల గోళీలు. బైపాస్ అయినవాళ్లకు కడుపు, పేగు అతికిన చోట అవి పుండు చేస్తాయి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు పట్టేసినవాళ్లు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవి అవే. మీ ఇంట్లో బైపాస్ అయినవాళ్లుంటే గంజి సంగతి వదిలేసి ముందు ఆ డబ్బా చూడండి.

ఏడోది చదివి మాత్రం నేను ఆగిపోయా. ‘ముందు గుడ్డు, చికెన్, చేప, పెసర్లు తినండి. ఆ తర్వాతే కూర, చివర చోటుంటే రొట్టె. తినేటప్పుడు నీళ్లు తాగొద్దు, అరగంట ఆగండి. బిస్కెట్, చుడువ నోట్లోనే మెత్తబడి జారిపోతాయి, కడుపు నిండదు.’

నూటికి నూరుపాళ్లు సరైన మాట. ఇంకా చెప్పాలంటే నాకు ఆస్పత్రిలో ఇచ్చిన డైట్ కాగితం కన్నా నయం. అందులో ఓట్స్, బ్రొకొలీ, గ్రీక్ యోగర్ట్ ఉన్నాయి, అంతా ఇంగ్లిష్‌లో. మా అమ్మ దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి మళ్లీ ముట్టుకోలేదు. రోజుకు కనీసం 60 గ్రాముల ప్రొటీన్ తినాలని అందులో రాశారు గానీ ఒక గుడ్డులో సుమారు ఆరే ఉంటుందని, ఇంట్లో ఉన్నవాటితో ఆ 60 ఎలా నింపాలో ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసి పంపేస్తారు, మూడోసారి చెకప్‌కు ఇక్కడి నుంచి బస్సెక్కేవాళ్లు ఎంతమంది? ఆ ఖాళీలోకే ఇలాంటి మెసేజ్‌లు దూరుతున్నాయి. రాసినవాళ్లెవరో గానీ తెలంగాణ వంటిల్లు తెలిసిన మనిషే. ఆ ఏడోదొక్కటే రాసి ఆపేసి ఉంటే నేనే అందరికీ పంపేదాన్ని.

అందుకే టీచరమ్మకు ఆ ఏడో పాయింటు ఒక్కటే కట్ చేసి తిరిగి పంపా. ‘మరి దావత్‌లో బగారన్నం వద్దంటే మా అత్త ఊరుకోదు, ఏం చెప్పాలి?’ అని అడిగింది. ‘ముందు రెండు చికెన్ ముక్కలు వడ్డించుకోండి, మెల్లగా నమలండి, అన్నం వచ్చేసరికి మీకే చోటుండదు’ అని చెప్పా. అత్తకు ఏం చెప్పాలో నాకూ తెలీదు, మెసేజ్‌లోనూ లేదు.